మూడు రోజుల్లో ఐఎస్ఓ ఇప్పిస్తామంటే నమ్మకండి

పాత బిల్డింగులు పడగొట్టే కాంట్రాక్టర్ల దగ్గర హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా సేఫ్టీ పని చేస్తున్నాను. నెలకోసారైనా ఈ ఫోన్ వస్తుంది: "సార్, టెండర్‌కి ఐఎస్ఓ సర్టిఫికెట్ అడిగారు. ఎవరో మూడు రోజుల్లో ఇప్పిస్తామంటున్నారు. తీసుకోమంటారా?"

వద్దు. దయచేసి తీసుకోకండి.

అపోహ: డబ్బు కడితే ఐఎస్ఓ వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు.

వాస్తవం: ఐఎస్ఓ అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. అది ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణాలు రాయడం వరకే దాని పని. ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు వేరు. వాటికి మన దేశంలో అక్రిడిటేషన్, అంటే ఆ పనికి తగినవని గుర్తింపు, ఇచ్చేది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే ఎన్ఏబీసీబీ అనే బోర్డు. డబ్బు కట్టే ముందు ఆ అక్రిడిటేషన్ ఉందో లేదో చూసుకోండి. అసలు ఆడిట్ రెండు దశల్లో జరుగుతుంది. ముందు మీ పద్ధతులు, రికార్డులు చూస్తారు. తర్వాత సైట్‌కి వస్తారు. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు, మధ్యలో ఏటా మళ్లీ వచ్చి చూస్తారు. మీ సైట్ ముఖం చూడకుండా ఇచ్చిన కాగితానికి ఏ విలువా లేదు.

నాకు తెలిసిన ఒక కాంట్రాక్టర్ ఇలాగే మోసపోయాడు. మనిషి చాలా మంచివాడు. అడ్డా మీద కూలీలకు సాయంత్రం ఆరింటికల్లా డబ్బులు చేతిలో పెట్టేవాడు, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు భరించేవాడు. కొన్న కాగితం పెట్టినందుకు టెండర్ పోయింది. బాగా కుంగిపోయాడు. ఈసారి సక్రమంగా చేద్దామని, పనిచోట భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 45001 ప్రమాణానికి సిద్ధమయ్యాం.

ఆడిట్ రోజు ఆడిటర్ ఫైళ్లు పక్కనపెట్టి, మట్టి తట్ట మోస్తున్న ఒకామెను అడిగాడు: "అమ్మా, గోడ ఊగుతున్నట్టు అనిపిస్తే ఏం చేస్తావు?" "మేస్త్రీ చెప్పేదాకా ఆగం సార్" అంది. మా కాంట్రాక్టర్ ముఖం పాలిపోయింది. తాను సైట్‌లో లేనప్పుడు తన మంచితనం అక్కడ ఉండదని అప్పటిదాకా ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

ప్రాణానికి ముప్పు అనిపిస్తే పని వదిలి పక్కకు రావచ్చని, అలా వచ్చినందుకు తనకు నష్టం జరగదని కార్మికుడికి తెలిసి ఉండాలని 45001 చెబుతుంది. "అడ్డా కూలీలు మన లెక్కలోకి రారు" అనే మాట కూడా తప్పే. మీ అదుపులో పనిచేస్తే ఒక్కరోజు కూలీ అయినా లెక్కలోకి వస్తారు. ఆ తర్వాత సైట్‌లో అందరికీ విజిల్ ఇచ్చాం. ఎవరు ఊదినా గోడలు పగలగొట్టే బ్రేకర్ మెషీన్ ఆగాలి, ఆగిన గంటలకూ కూలీ ఇవ్వాలి. మొదటి వారం ఎవరూ ఊదలేదు. రెండో వారం ఆమే ఊదింది.

మిగతావి గబగబా చెబుతాను. ఐఎస్ఓ 9001 ఉంటే సేఫ్టీ ఉన్నట్టు కాదు, అది క్వాలిటీకి సంబంధించినది. 14001 పర్యావరణానికి. శిథిలాలు చెరువులో కాక జీడిమెట్ల, ఫతుల్లగూడల్లోని శిథిలాల రీసైక్లింగ్ ప్లాంట్లకు చేరాయని రసీదులతో చూపించాలన్నా, ఆస్బెస్టాస్ సిమెంట్ రేకులు పగలగొట్టకుండా తడిపి దించాలన్నా పద్ధతి నిలబడటానికి ఇది పనికొస్తుంది. 45001కి ముందున్న పాత సేఫ్టీ ప్రమాణం 18001 కాలం 2021తోనే ముగిసింది. చిన్న కాంట్రాక్టర్లకు సర్టిఫికెట్ ఇవ్వరన్నది ఉత్త పుకారు. పదిమందితో పనిచేసేవాళ్లూ తెచ్చుకోవచ్చు.

టెండర్ గడువు దగ్గరపడితే టెన్షన్ ఎంత ఉంటుందో నాకు తెలుసు. ఆ ఒక్క టెండర్ వదిలేయండి. కూలీలతో కూర్చుని, ఏ పని దగ్గర భయమేస్తుందో అడిగి రాసుకోండి. ఆ కాగితంతోనే మొదలుపెడదాం.