వాడపల్లికి పడవ రావాలంటే

హైదరాబాద్ నడిబొడ్డున పారే మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ పక్కనే ఉన్న వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల కృష్ణను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఆ మాట వచ్చినప్పుడల్లా రేవులు, పూడిక, ఖర్చు అంటూ మాట్లాడతాం. ఆ నీళ్లమీద తిరిగే పడవల్ని ఎవరు కడతారని అడగం. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి, మన ఊరివాళ్లనూ పోగొట్టుకున్నాక కూడా అడగలేదు. అందుకే అమెరికాలో తరతరాలుగా నదిపడవలు కట్టిన హోవార్డ్ కుటుంబం కథ చెప్పాలనిపించింది.

జేమ్స్ హోవార్డ్ ఇంగ్లండ్‌లో పుట్టాడు. సిన్సినాటిలో ఒక పడవల మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, ఇరవయ్యేళ్లు నిండకముందే, 1834లో, ఓహాయో నది ఒడ్డున జెఫర్సన్‌విల్‌లో తన మొదటి స్టీమరు కట్టాడు. నదిపడవ వేరు, సముద్రపు ఓడ వేరు. ఎండాకాలం ఇసుక మేటలు తేలినా నడవాలి కాబట్టి అడుగు చదునుగా ఉండాలి, నీళ్లలో తక్కువ మునగాలి. సరుకు పెరిగితే పొడవు, వెడల్పు పెంచాలే తప్ప లోతు పెంచకూడదు. 1878లో హోవార్డ్‌ల పడవల యార్డు కట్టిన జె.ఎం.వైట్ స్టీమరు పొడవు 300 అడుగులు దాటింది. లోపలంతా రాజభవనంలా చెక్కారు. ఎనిమిదేళ్లకే కాలిపోయింది.

జేమ్స్ దాన్ని చూడలేదు. 1876లో ఆ నదిలోనే మునిగిపోయాడు. కొడుకు ఎడ్మండ్స్, ఆ తర్వాత మనవడు యార్డును నడిపించారు. ఎడ్మండ్స్ 1890ల్లో యార్డుకు ఎదురుగా ఇల్లు కట్టించుకున్నాడు. పడవల్లో నగిషీలు చెక్కిన వడ్రంగులే ఆ ఇంటి మెట్లూ గుమ్మాలూ చెక్కారు. ఇప్పుడది మ్యూజియం. ఈ కథలో నన్ను బాగా కదిలించింది ఈ ఇల్లే: ఆ స్టీమర్లు పోయినా, వాటిని కట్టిన చేతుల పనితనం అక్కడ కళ్లకు కనిపిస్తుంది.

రైళ్లు సరుకును లాక్కున్నాయి. మాంద్యం, 1937 వరద కలిసి కుటుంబాన్ని కుంగదీశాయి. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళం యార్డును కొనేసింది. అక్కడ సైన్యాన్ని ఒడ్డుకు దించే ఓడలు కట్టి, ఓహాయో, మిసిసిపీల మీదుగా సముద్రానికి పంపారు. తర్వాత ఆ చోటే జెఫ్‌బోట్ అనే పడవల కంపెనీగా మారి, దేశంలోపలి నదుల మీద అతిపెద్ద యార్డు అయింది. సరుకు మోసే చదును పడవలైన బార్జీలకు కొత్తగా గిరాకీ పడిపోయి 2018లో మూతపడింది.

మన దగ్గర తాళ్లరేవులో, గోదావరి సముద్రంలో కలిసే చోట, చెక్కపడవలు కట్టే వడ్రంగి కుటుంబాలు ఉన్నాయి. వజీరాబాద్ రేవు గురించి మాట్లాడే సమావేశానికి వాళ్లనీ పిలవాలి.