కదపాలా, వదిలేయాలా: మెదడు ఏవీఎం చుట్టూ వందేళ్ల వాదన

తలనొప్పి తగ్గడం లేదని ఎమ్మారై తీయిస్తే, ఆ తలనొప్పికి సంబంధం ఉందో లేదో కూడా చెప్పలేని మూడక్షరాలు రిపోర్టులో కనబడతాయి: ఏవీఎం (ఆర్టీరియోవీనస్ మాల్‌ఫార్మేషన్). మధ్యలో ఉండాల్సిన కేశనాళికలు లేక, ధమనులు నేరుగా సిరల్లోకి కలిసిపోయి, ఉండచుట్టుకుపోయిన చోటు అది. ధమనిలోని ఒత్తిడంతా సిర పలచని గోడ మీద పడుతుంది. అది తెగితే మనవాళ్లు ‘మెదడులో నరం చిట్లింది’ అంటారు. చిట్లేది నరం కాదు, రక్తనాళం. కానీ ఆ మాట వెనుక ఉన్న భయం నిజమైనదే.

ఒకసారి చిట్లినవాళ్ల విషయంలో పెద్దగా పేచీ లేదు. మొదటి ఏడాదిలో మళ్లీ రక్తస్రావమయ్యే ముప్పు ఎక్కువ కాబట్టి, వీలున్నంతవరకు చికిత్స చేస్తారు. పేచీ అంతా ఇంకా చిట్లనివాటి దగ్గరే.

1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెడలోని ధమనిలోకి ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించి, మెదడు రక్తనాళాలను ఫొటో తీశాడు. అంతకు ముందు సర్జన్లకు ఏవీఎంలు తరచుగా పుర్రె తెరిచాకే ఎదురయ్యేవి. మరుసటి ఏడాదే అమెరికాలో మెదడు సర్జన్లు హార్వీ కుషింగ్, వాల్టర్ డాండీ వేర్వేరుగా వీటి గురించి రాశారు. కోసి తీయబోతే ప్రాణం మీదికి వస్తుందన్నదే ఇద్దరి ధోరణీ. 1932లో స్టాక్‌హోమ్‌లో హెర్బర్ట్ ఒలివెక్రోనా ఒక ఏవీఎంను పూర్తిగా తొలగించి చూపించాడు. 1960ల చివర్లో జూరిచ్‌లో యాషార్గిల్ మైక్రోస్కోపును ఆపరేషన్ బల్ల దగ్గరికి తెచ్చాక సర్జన్లకు ధైర్యం పెరిగింది.

నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించేది 1960 నాటి ప్రయోగం. వాషింగ్టన్‌లో లూసెన్‌హాప్, స్పెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు మెడ దగ్గర ధమని తెరిచి, చిన్న ప్లాస్టిక్ గోళీలు లోపలికి వదిలారు. వాటిని నడిపించే తీగ ఏదీ లేదు. ఏవీఎం రక్తాన్ని విపరీతంగా లాక్కుంటుంది కనుక, ఆ ప్రవాహమే గోళీలనూ అక్కడికే ఈడ్చుకెళ్లి దారి మూసేస్తుందని వాళ్ల లెక్క. ఇవాళ తొడ దగ్గరి ధమని నుంచి సన్నని క్యాథెటర్ పంపి జిగురులాంటి ద్రవం నింపే ఎంబొలైజేషన్‌కు మూలం అదే.

మూడో దారీ స్వీడన్‌దే. లార్స్ లెక్సెల్ తయారుచేసిన గామా నైఫ్‌తో 1970లో స్టైనర్ బృందం తొలిసారి ఏవీఎంకు చికిత్స చేసింది. కత్తి ఉండదు, కోత ఉండదు. రేడియేషన్ తగిలిన నాళాల గోడలు మెల్లగా మందమై మూసుకుపోతాయి. కానీ అందుకు రెండు మూడేళ్లు పడుతుంది, అన్నాళ్లూ చిట్లే ముప్పు ఉంటూనే ఉంటుంది. మన దేశానికి ఈ యంత్రం 1990ల చివర్లో వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1997లో పెట్టారు.

దారులు మూడయ్యాక, ఎవరికి ఏది అన్న ప్రశ్న వచ్చింది. 1986లో స్పెట్జ్లర్, మార్టిన్ ఒక తేలిక కొలత ఇచ్చారు. ఏవీఎం 3 సెంటీమీటర్ల లోపుంటే 1, ఆరు వరకు 2, దాటితే 3. మాట, చూపు, కదలిక వంటివాటిని నడిపే చోట ఉంటే ఇంకో 1. లోతు సిరల్లోకి రక్తం పోతుంటే మరో 1. ఇవన్నీ కూడితే వచ్చేదే గ్రేడ్. మాటల కేంద్రం పక్కన రెండున్నర సెంటీమీటర్లది ఉండి, రక్తం పైసిరల్లోకే పోతుంటే గ్రేడ్ 2, అంటే సర్జన్ చేయగలననే రకం. గ్రేడ్ 5 అయితే చాలామంది చేయి పెట్టరు. అయితే ఇది ఆపరేషన్ ఎంత కష్టమో చెప్పే కొలతే. ఆపరేషన్ అసలు అవసరమా అన్నది దీంట్లో లేదు.

ఆ ప్రశ్న అడగడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. ‘అరూబా’ అనే అంతర్జాతీయ అధ్యయనం చిట్లని ఏవీఎం ఉన్నవాళ్లను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసింది: ఒకరికి మూర్ఛ, తలనొప్పుల మందులే, మరొకరికి వాటితో పాటు ఏదో ఒక చికిత్స. 2013లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. సగటున 33 నెలల్లో మరణం గానీ స్ట్రోక్ గానీ (మెదడులో రక్తస్రావమూ ఇందులోకే వస్తుంది) మందుల గుంపులో 109 మందిలో 11 మందికి, చికిత్స గుంపులో 114 మందిలో 35 మందికి ఎదురైంది.

సర్జన్లు భగ్గుమన్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. సర్జరీ ఒక్కటే జరిగినవాళ్లు అయిదుగురే. గామా నైఫ్ ఫలితం కనబడే సమయానికే లెక్క ముగిసింది. పైగా చికిత్స ప్రమాదం ముందే వచ్చిపడుతుంది, వదిలేసిన ప్రమాదం ఏళ్ల తరబడి పోగవుతుంది. అలాగని వదిలేయడమే మేలన్నవాళ్లను కొట్టిపారేయడానికీ లేదు. 2020లో సగటున 50 నెలల లెక్క వచ్చినప్పుడు కూడా మందుల గుంపే ముందుంది.

న్యూరోసర్జన్లలో ఒక పాత లెక్క ఉంది. 105లోంచి వయసు తీసేస్తే, జీవితకాలంలో చిట్లే అవకాశం శాతంలో వస్తుంది. ఏడాదికి 2 నుంచి 4 శాతం ముప్పు అనుకుని కట్టిన మోటు లెక్క ఇది. చిట్లనివాటికి ఆ అంచనా ఎక్కువేనని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. అయినా పాతికేళ్ల పిల్లకు 80, డెబ్బై దాటిన తాతకు 35 లోపు. ఒకే స్కాన్, ఒకే గ్రేడ్ ఉన్నా డాక్టర్ ఆ ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వకపోవడానికి కారణం అదే. ఆ పిల్ల ముందున్నది 50 నెలలు కాదు, 50 ఏళ్లు. అంత దూరం వెంట నడిచిన అధ్యయనమేదీ ఆమె డాక్టర్ చేతిలో లేదు.