మానసిక వైద్యుడి లెటరు వెనుక అరవై ఏళ్ల చరిత్ర

పుట్టినప్పుడు కాగితాల మీద రాసిన లింగానికీ తన మనసుకు తెలిసిన లింగానికీ పొంతన కుదరని మనిషి హార్మోన్లు వాడాలనుకున్నా, శస్త్రచికిత్స చేయించుకోవాలనుకున్నా, సాధారణంగా ముందుగా వెళ్లవలసి వచ్చేది సర్జన్ దగ్గరికి కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి. అక్కడ ఒక లెటరు రాయించుకోవాలి. ఇంట్లో గొడవలు, ఆపరేషన్ మీద భయాలు, రేపటి గురించిన సందేహాలు చెప్పుకోవలసింది కూడా చాలాసార్లు ఆ లెటరు రాసే డాక్టరుకే. తాళంచెవీ ఓదార్పూ ఒకరి చేతిలోనే ఎందుకున్నాయన్నది పాత ప్రశ్న. దాని మూలాలు అమెరికాలో ఉన్నాయి.

క్రిస్టీన్ జార్గెన్సెన్ అనే అమెరికన్ డెన్మార్క్ వెళ్లి శస్త్రచికిత్స చేయించుకున్న వార్త 1952 డిసెంబరులో పత్రికల మొదటి పేజీలకెక్కింది. న్యూయార్క్‌లో ఎండోక్రైనాలజిస్టుగా, అంటే హార్మోన్ల వైద్యుడిగా పనిచేస్తున్న హ్యారీ బెంజమిన్ అప్పటికే ఇలాంటి వారికి హార్మోన్లు ఇస్తున్నారు. మాటలతో మనసును మార్చే ప్రయత్నాలు ఫలించవు కాబట్టి శరీరాన్నే మనసుకు తగ్గట్టు సవరించాలన్నది ఆయన వాదం. 1966లో ఆయన పుస్తకం వచ్చింది. అదే ఏడాది బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ప్రత్యేక క్లినిక్ మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని తొలగిస్తే రేపు ఎవరైనా కోర్టుకెక్కుతారేమోనన్న భయం సర్జన్లను వెన్నాడుతున్న రోజులవి. మానసిక వైద్యుడి ఆమోదం ఆ భయానికి రక్షణ కవచమైంది. అంటే, ఆ పరీక్ష మొదలైంది కొంతవరకు రోగి అవసరం కోసమైతే, కొంతవరకు ఆసుపత్రి నిశ్చింత కోసం.

కవచానికి తగ్గ ఫలితమే వచ్చింది. పరీక్షకు వచ్చినవారందరూ బెంజమిన్ వర్ణించిన లక్షణాలను తు.చ. తప్పకుండా చెబుతున్నారని స్టాన్‌ఫర్డ్ వంటి క్లినిక్‌ల పరిశోధకులు ఆశ్చర్యపోయారు. వచ్చేవారు కూడా ఆ పుస్తకం చదివారనీ, అది చేతులు మారుతూ తిరుగుతోందనీ గ్రహించడానికి వారికి కొన్నేళ్లు పట్టింది. ఏ జవాబు చెబితే తలుపు తెరుచుకుంటుందో తెలిసిన మనిషి తన అసలు సందేహాన్ని నోట పలకడు. పలికితే లెటరు చేజారుతుంది. నిజం చెప్పి నష్టపోయినవారూ ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లూ సలివన్ అనే ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్లగా రాసినా తనను పురుషుడిగా ఎరిగిన మనిషి) తాను పురుషులనే ప్రేమిస్తానని దాచకుండా చెప్పినందుకు 1980లో స్టాన్‌ఫర్డ్ క్లినిక్ ఆయన్ను తిప్పి పంపింది. మనసు విప్పి మాట్లాడవలసిన గదిలోనే మనసు దాచుకోవలసి రావడం ఆ పద్ధతిలోని అసలు లోపమని నాకనిపిస్తుంది.

ఈ పద్ధతి 1979లో లిఖిత నియమాలుగా మారింది. బెంజమిన్ పేరు మీద ఏర్పడిన అంతర్జాతీయ సంఘం విడుదల చేసిన తొలి ప్రమాణాల ప్రకారం, జననాంగ శస్త్రచికిత్సకు ఇద్దరు నిపుణుల సిఫార్సు కావాలి, కోరుకున్న లింగంలో ఏడాది పాటు జీవించి చూపాలి. మరుసటి ఏడాది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వ్యాధుల పట్టికలో ఈ లింగ పొంతన లేమి మానసిక రుగ్మతగా చేరింది. జబ్బుగా ఒక పేరుంటే బీమా కంపెనీని అడగడానికి దారి ఉంటుంది, కానీ మతి చెడినవారన్న ముద్ర కూడా పడుతుంది. ఈ ఇరకాటం నుంచి బయటపడడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. 2013లో ఆ పట్టిక ‘రుగ్మత’ అన్న మాటను వదిలి ‘జెండర్ డిస్ఫోరియా’ అంది. గుర్తింపు జబ్బు కాదు, దానివల్ల కలిగే వేదనకే చికిత్స అని దాని భావం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమలైన తన కొత్త వర్గీకరణలో దీన్ని మానసిక వ్యాధుల అధ్యాయం నుంచే తీసివేసి లైంగిక ఆరోగ్యం కింద పెట్టింది. ‘డబ్ల్యూపాత్’గా పేరు మార్చుకున్న పాత సంఘం అదే ఏడాది సెప్టెంబరులో ఇచ్చిన ఎనిమిదో ప్రమాణాల్లో పెద్దవారికి రెండు లెటర్ల స్థానంలో ఒక్కటి చాలంది. కౌన్సెలింగ్ కావలసినవారికి అందాలి గానీ, చికిత్సకు షరతు కాకూడదంది. పిల్లల విషయంలో మాత్రం వివాదం తీరలేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్‌లో వచ్చిన క్యాస్ నివేదిక పిల్లలకిచ్చే చికిత్సలకు ఆధారాలు బలహీనంగా ఉన్నాయంటూ మరింత సమగ్రమైన మానసిక అంచనా కోరింది. అది వేరే చర్చ.

మన దగ్గర ఈ కథ ఆసుపత్రిలో మొదలుకాలేదు. హిజ్రా సమాజంలో నిర్వాణం, అంటే జననాంగాన్ని తొలగించే క్రతువు, తర్వాత నలభై రోజులు గురువు ఇంట్లో, తోటి చేలాల (శిష్యుల) సంరక్షణలో గడపడం ఆచారం. వైద్యం లేని ఆ కోత ప్రాణాల మీదికి తెచ్చేదే. అయినా పక్కన కూర్చునే మనిషి ఉండేది. ట్రాన్స్ పురుషులకు ఆ ఆసరా కూడా లేదు. ఇక ప్రభుత్వ బల్ల ముందు మనసు విప్పమంటే నమ్మకం ఎక్కడిది? 1871 నాటి బ్రిటిష్ చట్టం, 1919 నాటి నిజాం రాజ్యపు చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టర్లలోకి ఎక్కించాయి. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకునే వీలిచ్చాయి. రెండో చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జూలైలోనే.

2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, లింగ గుర్తింపును వ్యక్తే నిర్ణయించుకోవచ్చనీ, దానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం చట్టవిరుద్ధమనీ తేల్చింది. అయితే అదే తీర్పులో, శరీర పరీక్ష కంటే ‘మానసిక పరీక్ష’కే ప్రాధాన్యమన్న మాట కూడా ఉంది. మనసు చెప్పిందే ప్రమాణమన్నది న్యాయమూర్తుల ఉద్దేశం కావచ్చు, కానీ ఆ మాటను మానసిక నిపుణుడు చేసే పరీక్షగా చదువుకునే వీలు మిగిలింది. 2016 బిల్లులో సైకాలజిస్టు లేదా సైకియాట్రిస్టుతో కూడిన జిల్లా స్క్రీనింగ్ కమిటీ ప్రత్యక్షమైంది. దాని మీద వచ్చిన నిరసనల తర్వాత 2019లో ఆమోదం పొందిన చట్టంలో ఆ కమిటీ లేదు. గుర్తింపు పత్రానికి జిల్లా మేజిస్ట్రేటుకు స్వయంగా ప్రమాణపత్రం ఇస్తే చాలనీ, వైద్య పరీక్ష అక్కరలేదనీ 2020 నియమాలు చెప్పాయి. అలా అప్పటికి కాగితం దగ్గర మానసిక వైద్యుడు పక్కకు తప్పుకున్నా, ఆపరేషన్ థియేటరు దగ్గర అలాగే నిలిచిపోయారు.

‘నయం చేయండి’ అంటూ తల్లిదండ్రులు బిడ్డను తీసుకెళ్లేదీ ఆ వైద్యుడి దగ్గరికే. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ అలా లింగ గుర్తింపునో లైంగిక ఆకర్షణనో మార్చాలని చూసే ‘మార్పిడి చికిత్స’లను నిషేధించాలన్నారు. తీర్పుకు ముందు తనకున్న అపోహలు తొలగించుకోవడానికి ఆయనే ఒక సైకాలజిస్టు ముందు కూర్చున్నారు. పరీక్ష కోసం కాకుండా తెలుసుకోవడం కోసం కూర్చోవడమంటే ఏమిటో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ఈ చికిత్సలను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

కౌన్సెలింగ్, హార్మోన్లు, న్యాయ సలహా ఒకే కప్పు కింద, ఎక్కువగా ట్రాన్స్‌జెండర్ సిబ్బందితోనే అందించిన మిత్ర్ క్లినిక్ 2021 జనవరిలో హైదరాబాద్‌లోని నారాయణగూడలో తెరుచుకుంది. దాని నిధులు అమెరికా ప్రభుత్వానివి. 2025 ఆరంభంలో వాషింగ్టన్‌లో విదేశీ సాయం నిలిపివేయగానే తలుపులు మూతపడ్డాయి. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకున్నాయి. 2019 చట్టం పదిహేనో సెక్షన్ ఆపరేషన్‌కూ హార్మోన్లకూ ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలని ప్రభుత్వాలకు చెబుతుంది. ఖర్చులు భరించే బీమా గురించి అదే సెక్షన్‌లో ఉన్న వాక్యం శస్త్రచికిత్స, హార్మోన్లు, లేజర్ చికిత్సల పేర్లు చెప్పి, మిగతావన్నీ ‘ఇతర ఆరోగ్య సమస్యలు’ అన్న మాటలో కలిపేసింది; కౌన్సెలింగ్ పేరు అందులో లేదు.