పట్నమే ఊరి దగ్గరికి వస్తే

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అద్దాల బిల్డింగుల వెనక సందుల్లోకి ఓసారి నడిచి చూడండి, పాత ఊరు అక్కడే ఉంటుంది. గ్రామకంఠం జాగా (ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న పాత స్థలం), ఆటో పట్టని గల్లీ, పోచమ్మ గుడి, వంద గజాల్లో ఐదంతస్తులు లేపి మొత్తం హాస్టల్‌కి ఇచ్చేసిన ఇల్లు. పొలాలే లేవు.

నగరం పెరగడమంటే జనం నడిబొడ్డున వచ్చి పడటం అనుకుంటాం. 2001 నుంచి 2011 దాకా హైదరాబాద్ జిల్లా జనాభా 38.3 లక్షల నుంచి 39.4 లక్షలైంది, అంటే పదేళ్లలో 3 శాతం. చుట్టూ ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా మాత్రం 35.7 లక్షల నుంచి దాదాపు 53 లక్షలకి పోయింది, 48 శాతం! నడుమ అద్దెలు భరించలేక, ఖాళీ జాగా దొరక్క అంతా అంచుకే చేరారు.

మరి ఊరు పట్టణం ఎప్పుడవుతుంది? జనగణన వాళ్లకి మూడు కొలతలున్నాయి: కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకి 400 మంది, ఏడాదిలో ఆరు నెలలైనా పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండటం. (ఆడవాళ్లు చేసే పని ఈ లెక్కలోకి ఎందుకు రాదో నాకైతే మింగుడుపడదు.) మున్సిపాలిటీ లేకపోయినా ఇవి దాటితే జనగణన పట్టణమే. దేశంలో ఇలాంటివి 2001లో 1,362, 2011లో 3,894. వీటిలో చాలావాటికి ఇంకా సర్పంచే దిక్కు.

ఇక్కడే సగటు మనల్ని బోల్తా కొట్టిస్తుంది. ఊహకి నాలుగు ఊళ్లు తీసుకోండి: 800, 1,000, 1,200, 6,000 మంది. సగటు 2,250. పక్కనే 60,000, 30,000 జనాభాతో రెండు పట్టణాలు, సగటు 45,000. ఇప్పుడు ఆ 6,000 ఊరిని పట్టణాల పట్టీలోకి మార్చారనుకోండి, ఊళ్ల సగటు 1,000కి, పట్టణాల సగటు 32,000కి పడిపోతుంది. ఒక్క మనిషి గడప దాటలేదు, రెండు పక్కలా సగటు తగ్గింది! ఇది చూసి పల్లెలు ఖాళీ అవుతున్నాయని ఎవరైనా రాసేస్తే అది ఉత్త పొరపాటు.

ఊరికీ నగరానికీ మధ్య సరిహద్దు గీత చెరిపితే కథ ఇంకోలా ఉంటుంది. 2007లో కూకట్‌పల్లి, ఎల్బీనగర్, ఉప్పల్ లాంటి 12 మున్సిపాలిటీల్ని, 8 పంచాయతీల్ని హైదరాబాద్ నగరంలో కలిపేసి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చేశారు. పట్టీలో 12 పట్టణాలు మాయం, నగరం మాత్రం 2001లోని 36 లక్షల నుంచి 2011కి 67 లక్షలు. ఆ పెరుగుదలలో వలసలు, పుట్టుకలు కొంతే, ఎక్కువ భాగం సరిహద్దు జరగడమే.

ఆ తర్వాత జనగణన జరగనే లేదు, తర్వాతి లెక్క 2027లో. అందాకా 2011లో 4,000 మందున్న శివారు ఊరు కాగితం మీద 4,000 మందే, ఇంటి ముందు బండి పెట్టుకోడానికి మాత్రం జాగా ఉండదు.