కింద వంద బ్యారెళ్ళు, పైన డెబ్బై

చిరంజీవులు శ్రావణికి, కార్తీక్‌కి మీ తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రశ్న అందింది. నేల కింద వంద బ్యారెళ్ళ ముడిచమురు ఉంటే, మొత్తం తోడేస్తే పైకి వంద బ్యారెళ్ళూ వస్తుందా అని కదా అడిగారు? రాదర్రా. ఒక్క చుక్క వదలకుండా తోడినా రాదు. మామూలు రకం చమురైతే డెబ్బయ్యో ఎనభయ్యో వస్తుంది. మధ్యలో ఎవరూ ఎత్తుకుపోరు, గొట్టం కారిపోయిందీ ఉండదు.

చమురు కింద చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు. అది ఇసుకరాయి, సున్నపురాయి లాంటి వాటిలో కంటికి ఆనని సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. మూడు కిలోమీటర్ల లోతు అనుకుంటే అక్కడి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్లు. వేడి వంద డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల. అంత ఒత్తిడిలో మీథేన్, ఈథేన్, ప్రొపేన్ లాంటి గ్యాసులు చమురులోనే కరిగిపోయి ఉంటాయి. గోలీసోడా కొట్టగానే బుస్సుమని గ్యాస్ వస్తుంది చూడండి, బావిలో పైకి వచ్చే చమురుదీ అదే కథ. కాకపోతే సోడాలో గ్యాస్ పోయినా నీళ్ళు తగ్గినట్టు కనబడదు. చమురు అలా కాదు. ఆ గ్యాసులు దానికి దగ్గరి చుట్టాలే, అన్నీ హైడ్రోకార్బన్లే, అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసి అయినవే. అందుకే బోలెడంత కరుగుతాయి, కరిగి చమురును ఉబ్బిస్తాయి. అవి బయటికి పోతే చమురు కుంచించుకుపోతుంది.

వేడి తగ్గడం వల్ల కూడా కొంత కుంచించుకుంటుంది. ఒత్తిడి తగ్గడం వల్ల కొంత వ్యాకోచిస్తుంది. ఈ రెండూ కొద్ది శాతమే, పైగా ఒకదానికొకటి ఎదురు. అసలు తేడా అంతా గ్యాస్ దగ్గరే.

ఈ లెక్కకు ఇంజనీర్లు వాడేది ఫార్మేషన్ వాల్యూమ్ ఫ్యాక్టర్. పేరు చూసి భయపడకండి. పైన ట్యాంకులో ఒక బ్యారెల్ చమురు కావాలంటే కింద ఎన్ని బ్యారెళ్ళు ఉండాలో చెప్పే అంకె, అంతే. అది 1.4 అయితే కింది వంద పైన 71 అవుతుంది. గ్యాస్ తక్కువున్న చిక్కటి చమురుకు ఈ అంకె 1.1 లోపే ఉండొచ్చు, గ్యాస్ దండిగా ఉన్న పల్చటి చమురుకు 2 దాటొచ్చు. పైన కొలతకు కూడా ఒక కట్టుబాటు ఉంది: 60 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 15.6 సెల్సియస్. మన రాజమండ్రి ఎండల్లో ట్యాంకు అంత చల్లగా ఎక్కడుంటుంది? అందుకని కొలిచాక లెక్కలో సరిచేస్తారు. బ్యారెల్ అంటే 159 లీటర్లు.

చమురు తగ్గిందని బాధపడకండి. 1.4 రకం చమురైతే ఒక్కో బ్యారెల్‌తో పాటు వంద బ్యారెళ్ళకు పైగా చోటు పట్టే గ్యాస్ వస్తుంది. రెండూ కలిపి చూస్తే కింద ఉన్నదానికంటే డెబ్బై రెట్లకు పైగా పెరిగినట్టే!

నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇంకోటుంది. ఆ ఫ్యాక్టర్ అంకె చమురును బట్టే కాదు, మనం ఒత్తిడిని ఎలా దించామన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఒత్తిడిని ఒక్కసారిగా వదిలేస్తే గ్యాస్ పోతూపోతూ ప్రొపేన్, బ్యూటేన్, పెంటేన్‌లను కూడా ఎక్కువగా లాక్కుపోతుంది. రెండు మూడు సెపరేటర్ల (చమురునూ గ్యాస్‌నూ విడదీసే ట్యాంకుల) గుండా మెట్టుమెట్టుగా దించితే ముందు మీథేన్ విడిపోతుంది, బరువైనవి చాలావరకు చమురులోనే ఉండిపోతాయి. అదే బావి, అదే చమురు, ట్యాంకులో మాత్రం ఎక్కువ పడుతుంది. 2024 జనవరిలో కాకినాడ తీరానికి దూరంగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టింది కదా, అక్కడ చమురునూ గ్యాస్‌నూ వేరుచేసే పని ఒక పెద్ద ఓడ మీదే జరుగుతుంది.

గ్యాస్ విడిపోవడం పైన జరిగితే మంచిదే, కింద రాతిలో జరిగితే చిక్కు. చమురు తోడేకొద్దీ కింద ఒత్తిడి పడిపోతుంది. మొదట్లో చమురు కాస్త వ్యాకోచిస్తుంది. ఒత్తిడి బబుల్ పాయింట్ అనే హద్దు కిందికి దిగిందా, బుడగలు మొదలు. గ్యాస్ పల్చన కాబట్టి సందుల్లోంచి ముందుగా బావికి పరుగెడుతుంది, చమురు చిక్కబడి వెనకే ఉండిపోతుంది. ఒత్తిడి పడిపోకుండా ముంబై తీరానికి అవతల సముద్రంలో ఉన్న ముంబై హై చమురు క్షేత్రం లాంటి చోట్ల సముద్రపు నీటిని శుద్ధిచేసి కిందికి ఎక్కిస్తారు. ఎంత ఎక్కించాలి? పైన ట్యాంకులో పడినంత సరిపోదు, కింద ఖాళీ అయినంత కావాలి. నీటికి మాత్రం ఈ ఉబ్బుడు దాదాపు లేదు.

పేపర్లో "ఇన్ని కోట్ల బ్యారెళ్ళ నిల్వలు" అని చదివితే అవి పైన ట్యాంకు లెక్కలో చెప్పిన బ్యారెళ్ళని గుర్తుపెట్టుకోండి. అందులోనూ రాళ్ళను వదిలి బయటికి రాగలిగేదే నిల్వ. కింద ఉన్నదంతా ఎప్పుడూ రాదు, చాలా చోట్ల సగం కూడా రాదు.

సరే, ఒక లెక్క చేయండి. ఒకచోట రాతి సందుల్లో 2 కోట్ల 80 లక్షల బ్యారెళ్ళ చమురుంది. ఫ్యాక్టర్ 1.4. అందులో నాలుగోవంతు తీయగలమనుకుందాం. పైన ట్యాంకులో ఎంత పడుతుంది? ఖాళీ అయిన చోటు నింపడానికి ఎంత నీరు కావాలి? రెండు జవాబులూ ఒకటే వస్తే మళ్ళీ చేయండి. కార్తీక్ చేశాక శ్రావణి సరిచూడాలి, ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

మీ తాతయ్య