తుప్పు పట్టిన బ్రేక్ పైపులు: అతుకు వేస్తే చాలన్న అపోహ, మరికొన్ని వాస్తవాలు

పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవలసి వచ్చినప్పుడో, వర్షాకాలం వెళ్లాక బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గుతున్నట్టు గమనించినప్పుడో మా షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ఒక్క చోటే కదా సార్ కారుతోంది, అంతమేరకు కోసి ముక్క అతికిస్తే పోదా?" సొంతంగా ఇంటి దగ్గరే పని చేసుకుందామని పనిముట్లు కొనుక్కున్న కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతారు. బ్రేక్ పైపుల గురించి హైదరాబాద్‌లో వినిపించే అపోహలన్నిటిలోకీ ప్రాణం మీదికి తెచ్చేది ఇదే కాబట్టి ముందుగా దీని సంగతే వివరంగా రాస్తున్నాను.

అపోహ: కారిన చోట కోసి రాగి గొట్టం ముక్క బిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు, ఎందుకంటే కారిన చోటు ఆ పైపులో అన్నిటికంటే ముందు తెగిన చోటు మాత్రమే. మంచు కురిసే దేశాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి కార్లలో పైపు పొడవునా తుప్పు కనిపిస్తుంది. వీడియోల్లో ఆ కార్లను చూసినవాళ్లు తమ కారు కింద పైపు నల్లగా, నున్నగా ఉండటం చూసి నిశ్చింతగా ఉంటారు. మన ఊళ్లో తుప్పు అలా రాదు. వానల్లో నీళ్లు నిలిచిన దారుల వెంట వెళ్లినప్పుడు ఎగిరిపడిన బురద, పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పుల్లో కూరుకుపోయి, పైనంతా ఆరిపోయినా లోపల తడిగానే ఉంటుంది. పైపు మీది పూత ముందు అక్కడే పోతుంది. క్లిప్పుల కింద, పెట్రోల్ ట్యాంకు పైన, వెనక చక్రాల వైపు తిరిగే వంపుల దగ్గర గుంటలు పడుతూ ఉంటే, కంటికి కనిపించే భాగం మాత్రం బాగానే ఉంటుంది. అన్ని క్లిప్పులదీ ఒకే వయసు, అన్నిటిలోనూ అదే బురద, కాబట్టి ఒక క్లిప్పు కింద పైపు తెగిందంటే మిగిలినవీ దానికి ఎంతో దూరంలో లేవని అర్థం.

ఇక ఆ అతుకు విషయం. ఫ్రిజ్‌లకూ ఏసీలకూ వాడే మెత్తని రాగి గొట్టం, ఇత్తడి ఫెర్రూల్ (గొట్టం చుట్టూ బిగుసుకునే ఉంగరం) ఫిట్టింగు కొనుక్కొచ్చి బిగించి, నాలుగుసార్లు పెడల్ నొక్కి, చుక్క కారడం లేదని తృప్తి పడతారు. కంపెనీ పైపు సాధారణంగా 4.75 మిల్లీమీటర్ల వ్యాసంతో, ఉక్కు రేకును రెండు పొరలుగా చుట్టి చేసినది. దాని గోడ మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. టైరులో గాలి ఒత్తిడి 2 బార్‌కు కాస్త అటూ ఇటూ ఉంటే, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఈ సన్నని పైపులో అది 100 బార్ దాకా వెళుతుంది. ఫెర్రూల్ ఆ ఒత్తిడిని నిలిపి ఉన్న కారులో ఒకసారి తట్టుకోవచ్చు గానీ, ట్రాఫిక్‌లో రోజంతా ఒత్తిడి పడుతూ వదులుతూ, దానికి తోడు బండి అదురు కూడా కలిస్తే, గొట్టాన్ని చుట్టూ నొక్కి పట్టుకోవడమే తప్ప మరే ఆధారమూ లేని ఆ బిగింపు క్రమంగా సడలి జారిపోగలదు. శుద్ధమైన రాగికి ఇంకో గుణం ఉంది. అదిరేకొద్దీ అది గట్టిపడి, పెళుసెక్కి, ఫ్లేర్ (పైపు చివర వెడల్పుగా విప్పిన అంచు) మెడ దగ్గర చీలుతుంది. పగుళ్లు వచ్చేదాకా పైకి ఏ గుర్తూ కనిపించదు.

2020 అక్టోబరు వరదల్లో సెల్లారులో మునిగిన ఒక చిన్న కారు ఆ తర్వాత కొంతకాలానికి మా దగ్గరికి వచ్చింది. యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. వెనక చక్రానికి వెళ్లే పైపు కారితే అంతకుముందు మరో షెడ్డులో అతుకు వేయించుకున్నారు. ఈసారి అతుకు నిలిచింది, కానీ దానికి జానెడు అవతల ఉన్న క్లిప్పు కింద పైపు పగిలింది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర పెడల్ నేలకు తగిలిపోతే హ్యాండ్ బ్రేక్ లాగి, గోడకు రాసుకుంటూ ఆపారట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పైపు మొత్తం విప్పి బయట పెట్టి, వైరు బ్రష్‌తో పైపైన రుద్దితే దాదాపు ప్రతి క్లిప్పు దగ్గరా గుంట కనిపించింది. ఆయన మాత్రం దాన్ని చూడకుండా, "మనవరాలిని బడికి దించేది ఈ కారులోనే, అమ్మేయమంటారా?" అని అడిగారు. అమ్మవలసిన అవసరం లేదని, పైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా మారిస్తే ఆ భయం ఉండదని కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది. ఇలాంటి భయంతో వచ్చేవాళ్లను తొందరపెట్టి పంపేయడం నాకు చేతకాదు. వాళ్ల భయం న్యాయమైనదే, వాళ్లకు దొరికిన సలహాయే తప్పు.

కాబట్టి ఇంట్లో చేసుకోదలిచినవాళ్లు చేయవలసింది అతుకు కాదు, ఒక యూనియన్ (పైపు చివరను నట్టుతో బిగించే చోటు) నుంచి ఇంకో యూనియన్ దాకా పూర్తి పైపు మార్పు. నగరంలో విడిభాగాలు దొరికే రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో వెతికేటప్పుడు జింకు పూత ఉన్న ఉక్కు బ్రేక్ పైపు గానీ, దొరికితే రాగి-నికెల్ మిశ్రమ పైపు గానీ అడగండి. రాగి-నికెల్ పైపు చేతితో సులువుగా వంగుతుంది, తుప్పు పట్టదు, మామూలు రాగిలా పగలదు. స్టెయిన్‌లెస్ అన్నిటికంటే గొప్పదన్న మాటను ఇంటి పనికి పట్టించుకోకండి. అది గట్టిది, చిన్న పనిముట్లతో దానికి ఫ్లేర్ సరిగ్గా రాదు. పాత పైపు చివర డబుల్ ఫ్లేర్ (అంచు లోపలికి మడిచి రెండు పొరలుగా చేసినది) ఉందో, బబుల్ ఫ్లేర్ (అంచు బుడగలా ఉబ్బినది) ఉందో చూసి కచ్చితంగా అదే చేయాలి, ఎందుకంటే రెండింటి సీటూ, అంటే ఫ్లేర్ ఆనుకునే చోటు, వేరు. అంచు ఒకే పొరగా ఉండే సింగిల్ ఫ్లేర్ బ్రేకులకు పనికిరాదు. ఫ్లేర్ ఒక పక్కకు ఒరిగినా, అంచున సన్నని చీలిక కనిపించినా, మరింత బిగిస్తే కుదురుతుందని ఆశపడకుండా ఆ ముక్క కోసేసి మళ్లీ చేయండి.

తుప్పు పట్టిన నట్టు కదలకపోతే మామూలు పానాతో అంచులు అరగదీయవద్దు. పైపు ఎలాగూ పారేసేదే కాబట్టి నట్టు పక్కనే దాన్ని కోసేసి, ఆరు మూలల సాకెట్ ఎక్కించి తిప్పితే చాలావరకు వస్తుంది. మంట పెట్టి వేడి చేయడం వద్దు. బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది, పక్కనున్న హోసు రబ్బరు పాడవుతుంది. కారును జాకీ మీదో ఇటుకల మీదో నిలబెట్టి కిందికి దూరడం మాత్రం నా కళ్లముందు ఎవరినీ చేయనివ్వను. కారు బరువు మోసే స్టాండ్లు లేనినాడు ఆ పని మొదలుపెట్టకండి.

నట్టు మరల మీద టెఫ్లాన్ టేపు చుడితే కారదని నమ్మేవాళ్లు ఉన్నారు. ఆయిల్‌ను ఆపేది మరలు కాదు, ఫ్లేర్ సీటు. టేపు పోగులు లోపలికి వెళితే అడ్డుపడతాయి.

వాటర్ సర్వీసింగ్ అయ్యాక కింద డీజిల్ కొట్టిస్తే పైపులకు తుప్పు రాదన్నదీ అపోహే. అది దుమ్మును పట్టి ఉంచుతుంది, బ్రేక్ హోసు రబ్బరును ఉబ్బిస్తుంది. డీజిల్ బదులు క్లిప్పుల్లోని బురద కడిగించండి. అలాగే బ్రేక్ ఆయిల్ ట్యాంకులో ఇంజిన్ ఆయిల్ కొద్దిగా పడినా సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. మూత మీద ఏ డాట్ (బ్రేక్ ఆయిల్ రకం) రాసి ఉందో అదే పోయాలి. డాట్ 3, డాట్ 4 గాలిలోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి ఎప్పుడో మూత తీసి అటక మీద పెట్టిన సీసాను వాడవద్దు.

"రెండు సర్క్యూట్లు (విడివిడిగా ఉండే బ్రేక్ ఆయిల్ దారులు) ఉంటాయి కదా, ఒకటి పోయినా ఇంకోటి ఆపుతుంది, మెల్లగా షెడ్డు దాకా నడుపుకుంటూ వస్తాను" అని ఫోన్‌లో చెప్పేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రావద్దు, టోయింగ్ బండి పిలవండి. రెండో సర్క్యూట్ ఉన్నది కారును ఆ క్షణానికి పక్కన ఆపుకోవడానికి. ముందు, వెనక అని విభజించిన కారులో ముందు సర్క్యూట్ పోతే బ్రేకింగ్‌లో పెద్ద భాగమే పోయినట్టు. మిగిలింది కూడా అంతే వయసున్న పైపు.

పైపు మార్చాక లోపల చేరిన గాలి తీసేటప్పుడు పాత కారులో పెడల్‌ను నేల దాకా తొక్కితే మంచిదనుకుంటారు. ఏళ్లుగా పిస్టన్ వెళ్లని చోట మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసేది) లోపల తుప్పు ఉండవచ్చు, అక్కడిదాకా వెళ్లిన సీలు కోసుకుపోతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో దాని యూనిట్‌లోకి గాలి చేరితే కొన్నిటికి స్కానర్ పెడితే తప్ప అది బయటికి రాదు, కాబట్టి పాత పైపు విప్పగానే తెరిచిన చివరలకు రబ్బరు మూతలు పెట్టి, బ్రేక్ ఆయిల్ ట్యాంకు ఖాళీ కాకుండా చూసుకోండి.

పని ముగిశాక కొత్త యూనియన్లన్నీ పొడి గుడ్డతో తుడిచి, కారు కదలకుండా ఉండగానే ఇంజిన్ ఆన్ చేసి, పెడల్‌ను మీ బలం కొద్దీ నొక్కి అర నిమిషం పట్టి ఉంచండి. పెడల్ మెల్లగా దిగినా, ఎక్కడైనా తడి కనిపించినా కారు కదిలించవద్దు. బలహీనమైన పాత పైపు ఇంకేదైనా మిగిలి ఉంటే అదీ ఇక్కడే పగలవచ్చు, పగిలితే ఇంటి ముందు పగలడమే మేలు. అంతా సరిగ్గా ఉంటే ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి చూసి, వారం తర్వాత అవే యూనియన్లను మరోసారి పొడి గుడ్డతో తుడిచి చూడండి.