ఐదు శాతం ఎక్కడినుంచి తేవాలి?

పిల్లలూ,

ఫైర్ స్టేషన్‌కి ప్రభుత్వం గ్రాంట్ ఇస్తోందిగా, మరి వాళ్లు ఆదివారం పొద్దున్నే పాన్‌కేకులు వేసి అమ్ముకుంటూ డబ్బులు పోగేయడం ఎందుకు అని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అలాంటి ఫైర్ స్టేషన్లని చాలాచోట్ల నడిపేది స్పెషల్ డిస్ట్రిక్ట్. అమెరికాలో స్పెషల్ డిస్ట్రిక్ట్ అంటే సాధారణంగా ఒకే పని కోసం జనం పెట్టుకున్న బుల్లి ప్రభుత్వం. మంటలార్పడానికి ఒకటి, మంచినీళ్లకి ఒకటి, లైబ్రరీకి, పార్కులకి, శ్మశానానికి, ఆఖరికి దోమల నివారణకి కూడా ఒకటి. 2017 లెక్కల ప్రకారం ఇలాంటివి దేశం మొత్తం మీద 38 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో వేలకొద్దీ ఫైర్ డిస్ట్రిక్ట్‌లే. పెద్దవీ ఉన్నాయి గానీ నేను చెప్పేది చిన్నవాటి గురించి. నలుగురైదుగురు బోర్డు మెంబర్లు, చాలాచోట్ల సగం పూట పనిచేసే ఒక క్లర్కు, కొంచెం ప్రాపర్టీ ట్యాక్స్ ఆదాయం. అంతే. దేశంలో మంటలార్పేవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది జీతం లేని వాలంటీర్లేనన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ట్యాక్స్ పెంచుకోవచ్చుగా అంటారు మీరు. అంత సులువు కాదు. కాలిఫోర్నియాలో 1978లో ప్రొపొజిషన్ 13 వచ్చాక ప్రాపర్టీ ట్యాక్స్ మూల రేటుని ఆస్తి విలువలో 1 శాతం దగ్గర కట్టేశారు, ఆ విలువని కూడా ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు, ప్రత్యేక పన్ను వేయాలంటే ఓటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఇలాంటి పట్టు వేరే రాష్ట్రాల్లోనూ ఏదో రూపంలో ఉంది. కాబట్టి కొత్త సామాను కొనాలంటే చూపు గ్రాంట్ వైపే పోతుంది. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు మీరు కొంత పెట్టండి, మేం కొంత వేస్తాం అనేదే మ్యాచింగ్ గ్రాంట్.

ఈ ఎత్తు పాతదే. 1751లో ఫిలడెల్ఫియాలో ఆసుపత్రి కట్టాలనుకున్నప్పుడు చందాలు సరిగ్గా రాలేదు, పెన్సిల్వేనియా అసెంబ్లీ డబ్బు ఇవ్వడానికి మొరాయించింది. అప్పుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక షరతు పెట్టించాడు: జనం 2,000 పౌండ్లు పోగేస్తేనే అసెంబ్లీ మరో 2,000 ఇస్తుంది. ఎలాగూ అంత పోగవదు, ఖర్చు లేకుండా దాతలమనిపించుకోవచ్చు అనుకుని ఇష్టంలేని సభ్యులు కూడా ఒప్పుకున్నారు. ఫ్రాంక్లిన్ జనం దగ్గరికెళ్లి, మీరిచ్చే ప్రతి పౌండూ రెండవుతుందని చెప్పాడు. డబ్బు వచ్చేసింది. అసెంబ్లీ ఇవ్వక తప్పలేదు. ఫిలడెల్ఫియాలో 1736లో వాలంటీర్ల ఫైర్ కంపెనీ పెట్టినవాళ్లలో కూడా ఈయన ఉన్నాడు, కాబట్టి మన కథలో ఈయనకి రెండు రకాలుగా చుట్టరికం ఉంది. తర్వాత ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన కార్నెగీ కూడా అదే బాట పట్టాడు, అమెరికాలో 1,600కు పైగా లైబ్రరీ భవనాలకి డబ్బిచ్చాడు గానీ స్థలం ఊరే చూసుకోవాలి, ఏటా భవనం ఖర్చులో పదో వంతు నిర్వహణకి పెడతామని మాటివ్వాలి.

ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే ఇందులో న్యాయముంది. సొంత డబ్బు పెట్టినవాడు అనవసరమైనది కొనడు, కొన్నదాన్ని మూల పడేయడు. ఒప్పుకుంటాను. కానీ ఈ పరీక్షలో పాసయ్యేది అవసరం ఎక్కువున్నవాడు కాదు, జేబులో డబ్బున్నవాడు. నాకు నచ్చనిది అదే.

ఫైర్ వాళ్ల గ్రాంటే తీసుకోండి. విపత్తుల పనులు చూసే కేంద్ర సంస్థ ఫెమా ఇచ్చే అసిస్టెన్స్ టు ఫైర్‌ఫైటర్స్ గ్రాంట్‌ని అందరూ ఏఎఫ్‌జీ అంటారు. 2000లో చట్టం అయ్యింది. మొదట్లో 50 వేల లోపు జనాభా ఉన్న చోట డిస్ట్రిక్ట్ పెట్టుకోవాల్సిన వాటా 10 శాతం, అంతకు మించితే 30 శాతం. చిన్నవాళ్లకి అది కూడా బరువేనని తర్వాత తగ్గించారు. ఇప్పుడు 20 వేల లోపు జనాభాకి 5 శాతం, అక్కణ్నుంచి పది లక్షల దాకా 10, ఆ పైన 15.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ 5 శాతం మొత్తం ఖర్చు మీద కాదు, గ్రాంట్ మీద. లక్షా 5 వేల డాలర్ల సామాను కావాలనుకోండి. దాన్ని 1.05తో భాగిస్తే లక్ష వస్తుంది, అది ఫెమా ఇచ్చేది. మిగిలిన 5 వేలు డిస్ట్రిక్ట్‌ది. లక్షా 5 వేలలో 5 శాతం లెక్కేస్తే 5,250 వస్తుంది, అది తప్పు. 250 డాలర్లేగా అనకండి, చిన్న డిస్ట్రిక్ట్‌కి అది ఒక నెల కరెంటు బిల్లు కావచ్చు.

ఆ సామాను ఏంటంటారా? ఈసారి స్టేషన్‌కి వెళ్తే, అడిగి, మంటల్లోకి వేసుకునే కోటు లోపలి లేబుల్ చూడండి. తయారైన తేదీ ఉంటుంది. అగ్ని భద్రతకి ప్రమాణాలు రాసే సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ చెప్పినదాని ప్రకారం ఆ తేదీ నుంచి పదేళ్లు దాటితే కోటు పక్కన పెట్టేయాలి, ఒక్కసారి కూడా పొగ చూడకపోయినా సరే. వీపున మోసే గాలి సిలిండర్‌కి కూడా ఆయుష్షు ఉంది. కార్బన్ ఫైబర్‌తో చేసినవి మామూలుగా 15 ఏళ్లు, మధ్యలో ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష చేయించి ఆ తేదీ దాని మీద అంటించాలి. ఒకే ఏడాది అన్నీ కలిపి కొని ఉంటే అన్నిటికీ ఒకేసారి కాలం చెల్లుతుంది. బోర్డుకి టెన్షన్ మొదలయ్యేది అప్పుడే.

సరే, 5 వేలు. వాలంటీర్లు వేల గంటలు పనిచేస్తున్నారు కదా, ఆ కష్టాన్ని వాటాగా చూపిస్తే పోలా? ఏఎఫ్‌జీలో కుదరదు, నగదే కావాలి. ఆ పాన్‌కేకులు అందుకే. మహా అయితే డిస్ట్రిక్ట్ సొంత డబ్బుతో కొన్న పాత బండిని మార్పిడికి ఇస్తే ఆ విలువని, అదీ ఫెమా ఒప్పుకుంటేనే, లెక్కలోకి తీసుకోవచ్చు. మరీ గడ్డుగా ఉంటే వాటా మాఫీ చేయమనో తగ్గించమనో అడిగే దారి కూడా ఉంది, కాకపోతే ఆ గడ్డు పరిస్థితిని కాగితాల మీద రుజువు చేయాలి.

ఫారెస్ట్ సర్వీస్ డబ్బుతో రాష్ట్రాల అటవీ శాఖలు ఇచ్చే వాలంటీర్ ఫైర్ అసిస్టెన్స్ గ్రాంట్ ఇంకో తరహా. మామూలుగా 10 వేల లోపు జనాభా ఉన్న చోట్లకి ఇస్తారు, వాటా సగానికి సగం. వినడానికి భారం గానీ చాలా రాష్ట్రాల్లో వాలంటీర్ల గంటల్ని కూడా వాటాగా లెక్కేస్తారు. కాబట్టి చేతిలో డబ్బు లేని చోట 50 శాతమే 5 శాతం కంటే తేలికవుతుంది! శాతం చూసి భయపడకూడదు, వాటాగా దేన్ని ఒప్పుకుంటారో ముందు చూసుకోవాలి.

గంటలు లెక్కేయడానికీ పద్ధతుంది. శనివారం అందరం కలిసి పనిచేశాం అంటే చెల్లదు. ఎవరు, ఏ తేదీన, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ పని అన్నది ఆ రోజే రాసి సంతకం పెట్టించుకోవాలి. అలాంటి పనికి బయట ఎంత జీతమిస్తారో ఆ రేటే వేయాలి. అవే గంటల్ని ఇంకో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, గ్రాంట్‌లో మళ్లీ చూపిస్తే ఆడిట్‌లో దొరికిపోతారు.

ఒక ఫెడరల్ గ్రాంట్ తెచ్చి ఇంకో ఫెడరల్ గ్రాంట్‌కి వాటాగా పెట్టడం కూడా మామూలుగా కుదరదు. చట్టమే ఒప్పుకుంటే తప్ప. అలా చట్టం ఒప్పుకున్నవాటిలో ముఖ్యమైనది గృహనిర్మాణ శాఖ ఇచ్చే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. కౌంటీ (మన జిల్లా లాంటిది) చేతిలో ఆ డబ్బుంటే, చిన్న డిస్ట్రిక్ట్‌లు వాళ్ల గడప తొక్కేది అందుకే.

పార్కుల డిస్ట్రిక్ట్‌ల కష్టం వేరు. 1965 నుంచి నడుస్తున్న ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ ఖర్చులో సగం దాకా ఇస్తుంది, కానీ సాధారణంగా పని చేయించి, బిల్లులు కట్టి, ఆ బిల్లులు పంపాక ఇస్తుంది. అంటే మొత్తం డబ్బు కొన్నాళ్లపాటు డిస్ట్రిక్టే పెట్టుకోవాలి. అసలు వాటా కంటే డబ్బు తిరిగొచ్చేదాకా ఆగాల్సిన ఈ కాలమే వాళ్ల ప్రాణం తీస్తుంది. పైగా ఆ డబ్బు పడిన స్థలం ఎప్పటికీ ఆటలకీ విహారానికే ఉండాలి. వేరే పనికి వాడుకోవాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ అనుమతి కావాలి, బదులుగా సమానమైన ఇంకో స్థలం చూపించాలి. ఈ షరతు నాకు నచ్చింది, అది వేరే సంగతి.

డబ్బు వచ్చాక కూడా కన్నేసే ఉంచుతారు. గ్రాంట్ వచ్చిందిగా అని సొంత బడ్జెట్ కోసేస్తామంటే ఏఎఫ్‌జీ ఒప్పుకోదు. అంతకు ముందు రెండేళ్లలో ఆ పనులకి సగటున ఎంత ఖర్చు పెట్టారో అందులో కనీసం 80 శాతం పెడుతూనే ఉండాలి.

ఇంత చేసినా కొన్ని దరఖాస్తులు గుమ్మంలోనే ఆగిపోతాయి. కారణం వింటే నవ్వొస్తుంది. ఫెడరల్ గ్రాంట్ కావాలంటే శామ్ డాట్ గవ్ అనే సైట్లో పేరు నమోదై ఉండాలి, ఏడాదికోసారి దాన్ని రెన్యూ చేయించుకోవాలి. ఆ సగం పూట క్లర్కు మానేసి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియక, గడువు దగ్గరపడ్డాక చూస్తే నమోదు కాలం చెల్లి ఉంటుంది. మళ్లీ చేయించడానికి వారాలు పట్టొచ్చు. మేం చేయిస్తాం, ఇంత ఇవ్వండి అంటూ ఉత్తరాలు కూడా వస్తుంటాయి. నమోదు పూర్తిగా ఉచితం.

మీ పక్క డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగ్‌కి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఈసారి వెళ్తే బడ్జెట్ కాగితం అడిగి తీసుకోండి, రిజర్వు కింద ఎంత ఉందో, గ్రాంట్ వాటా అని విడిగా ఏమైనా పక్కన పెట్టారో చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య